మడ అడవి పక్కింటి అమ్మాయి ఏం చదవాలి?

చదువుల ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు గోదావరి డెల్టా నుంచే. నాలుగూ నీళ్లు, నేల, అడవి కాపాడే చదువు గురించే. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ గురించి అడిగినవాళ్లు ఒక నెల ఓపిక పట్టాలి. ఆ ప్రశ్నలు ఎలాగూ ఏటా అవే. బోటనీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, లెక్చరర్ కాకముందు కాకినాడ దగ్గర కోరంగి మడల్లో ఒక ప్రాజెక్టులో పనిచేసినదాన్ని. అందుకని మొదటి ఉత్తరం దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగుతాను.

ప్రశ్న: మాది మడ అడవిని ఆనుకుని ఉన్న ఊరు. ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న వేటకు వెళ్తారు. అడవి, నీరు, నేల కాపాడడం నేర్పే చదువు ఉందని మా మేడమ్ చెప్పారు. చదివితే గవర్నమెంటు యూనివర్సిటీలోనే, ప్రైవేటు ఫీజులు మా వల్ల కాదు. మావయ్య నర్సింగ్‌లో చేరమంటున్నాడు. ఏ కోర్సు తీసుకోవాలి? ఉద్యోగం వస్తుందా? ఆడపిల్లవి బురదలో ఏం చేస్తావని అమ్మ అడుగుతోంది.
– ఎస్. డి., తాళ్లరేవు మండలం

జవాబు: తల్లీ, ముందు మీ మావయ్య మాట తీసిపారెయ్యకు. నర్సింగ్ చదివిన పిల్ల ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. ఈ చదువులో ఆ భరోసా లేదు. ఆ సంగతి దాచి నిన్ను ఇందులోకి దింపడం నాకిష్టం లేదు. అది తెలిశాక కూడా నీ మనసు ఇటే లాగితే, అప్పుడు మిగతాది చదువు.

ఈ రంగంలో కోర్సులకు పేర్లు బోలెడు. పర్యావరణ శాస్త్రం, సహజ వనరుల నిర్వహణ, వన్యప్రాణి శాస్త్రం, అటవీశాస్త్రం, తీరప్రాంత నిర్వహణ. పేరు చూసి మురిసిపోకు. నేను పిల్లలందరికీ చెప్పేది ఒక్కటే: డిగ్రీలో మూలశాస్త్రం, పీజీలో పర్యావరణం. మా రోజుల్లో బీజెడ్‌సీ అంటే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ మూడూ సమానంగా వచ్చేవి. మన రాష్ట్రంలో 2023-24లో డిగ్రీకి ఒకే మేజర్, అంటే ఒకే ప్రధాన సబ్జెక్టు, దానికి తోడు ఒక మైనర్ అనే పద్ధతి పెట్టారు. కాబట్టి ఆ మేజర్ ఏదన్నదే ఇప్పుడు అసలు నిర్ణయం. నువ్వయితే బోటనీ గానీ జువాలజీ గానీ తీసుకో. ఎందుకో ఈ పేజీలోనే రెండో ఉత్తరానికి రాసిన జవాబులో ఉంది, అది కూడా చదువు.

కాలేజీ కోసం దూరం పోనక్కర్లేదు. కాకినాడ పీఆర్ ప్రభుత్వ కళాశాల 1884 నాటిది, మీ ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లి రావచ్చు. హాస్టల్లో ఉండగలిగితే రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ కూడా మంచిదే. గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీలన్నీ 2006లో వచ్చిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. డిగ్రీ సీట్లు ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌లో ఇస్తారు, పీజీకి పీజీసెట్ రాయాలి.

పీజీకి నా ఓటు విశాఖపట్నం ఆంధ్ర విశ్వవిద్యాలయానికే. అక్కడ పర్యావరణ శాస్త్రం ఒక్కటే కాదు, బోటనీ, జువాలజీ, జియాలజీ, జాగ్రఫీ, సముద్ర శాస్త్రం అన్నీ ఒకే క్యాంపస్‌లో ఉంటాయి. ఆ ఇరుగుపొరుగు విలువ మన డెల్టా పిల్లలకే బాగా తెలుస్తుంది. ఉప్పాడలో రోడ్డు, ఇళ్లు సముద్రం పాలవడం నువ్వు చూస్తూనే ఉన్నావు. గోదావరి తెచ్చే ఒండ్రు ఎగువ డ్యాముల్లో ఆగిపోతే డెల్టా అంచుకు ఏమవుతుందో జియాలజీ వాళ్లు చెప్పాలి. ఇసుకను అల ఎటు మోస్తుందో సముద్ర శాస్త్రం వాళ్లు చెప్పాలి. అంచు కరిగితే మడ ఎక్కడికి జరుగుతుందో చెప్పడం నీ వంతు. ఒకటే విభాగం ఉండి, దానికి రంగుల బ్రోచరు వేసే కాలేజీలో ఈ వసతి దొరకదు. అలాగని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు స్వర్గం అనుకోకు. పోస్టులు ఖాళీ, మైక్రోస్కోపులు పాతవి, మంచి పరికరం ఉంటే దాని బీరువా తాళాలు ఉన్నాయన సెలవులో ఉంటాడు. నాలుగు సార్లు అడిగి తెరిపించుకునే మొండితనం ఉన్నవాళ్లకే అక్కడ చదువు అబ్బుతుంది.

ఇంకో దారి కూడా ఉంది. ఈఏపీసెట్‌లో బైపీసీ ర్యాంకు బాగా వస్తే బీఎఫ్‌ఎస్సీ, అంటే మత్స్యశాస్త్రం. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది. వేట ఇంటి పిల్లవు కాబట్టి దీన్ని కాదనకుండా రాసెయ్. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో అగ్రికల్చర్, వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయంలో హార్టికల్చర్ కూడా అదే పరీక్షతో వస్తాయి. వీటిలో ఏది చదివినా పీజీలో నేల, నీటి వనరుల వైపు తిరగొచ్చు.

ఇక చదువంటే నిజంగా ఏం చేస్తారో రాస్తాను. మీ వైపు అడవిలో చేపముల్లు ఆకారంలో తవ్విన కాలవలు చూసే ఉంటావు. పూర్వం చెట్లు నరికేసిన చోట్ల నేల మధ్యలో కుంగి పళ్లెంలా తయారైంది. పోటుకు వచ్చిన నీరు వెనక్కి పోలేక అక్కడే నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పును వదిలేసింది. ఏళ్ల తరబడి అలా పేరుకుని ఆ నేల సముద్రం కంటే ఉప్పెక్కింది. అక్కడ మడ మొక్క నాటినా బతకదు. అందుకని పాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలవలు తవ్వారు. పోటుకు నీరు ఎక్కి, పాటుకు దిగిపోతూ ఉంటే ఉప్పు కొట్టుకుపోతుంది. ఆ తర్వాతే కాలవ గట్ల వాలులో మొక్కలు పెట్టారు. అటవీ శాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, చుట్టుపక్కల ఊళ్ల జనం కలిసి 1990ల చివర్లో చేసిన పని ఇది.

తవ్వడం కూలీలు తవ్వుతారు. ఎక్కడ, ఎంత లోతు, ఏ వాలులో తవ్వాలి? తవ్వాక ఉప్పు తగ్గిందా లేదా? ఈ లెక్క తీయడానికే చదువు కావాలి. రిఫ్రాక్టోమీటర్ అని జానెడు గొట్టం లాంటి పరికరం ఉంటుంది. బురదలో చిన్న గొయ్యి తీస్తే నీరు ఊరుతుంది. ఒక చుక్క దాని గాజు మీద వేసి, మూత దించి, వెలుతురు వైపు తిప్పి కన్ను పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత ఒకటి కనిపిస్తుంది. అది ఏ అంకె మీద ఉంటే అంత ఉప్పు. సముద్రం నీరైతే 35 దగ్గర. ముందుగా మంచినీటి చుక్క వేసి సున్నా సరిచూసుకోకపోతే ఆ రోజు లెక్కలన్నీ గోదాట్లో కలిసినట్టే.

చెట్టును కొలవడం కూడా ఒక విద్యే. తెల్లమడకు ఛాతీ ఎత్తులో టేపు చుడితే సరిపోతుంది. ఉప్పుపొన్న దగ్గర అలా కుదరదు. దాని ఊతవేళ్లు మాను మీద ఎంతో పైనుంచి దిగుతాయి కాబట్టి అన్నిటికంటే పైనున్న వేరు దాటాక కొలవాలి. తిల్ల చెట్టయితే కొమ్మ విరవకుండా, పాలు కంట్లో పడకుండా జాగ్రత్తపడాలి, అది నీకు ఒకరు చెప్పాలా. చెప్పులతో దిగకు, బురద వాటిని తిరిగి ఇవ్వదు. లేసులు బిగించిన పాత కాన్వాస్ బూట్లు మేలు, లేకపోతే బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాసవేళ్లు అరికాళ్లలో గుచ్చుకుంటాయి.

అమావాస్య, పౌర్ణమికి పోటు ఎందుకు ఎక్కువో, అష్టమికి ఎందుకు తగ్గుతుందో పుస్తకంలో చంద్రుడు, సూర్యుడి లెక్కలో ఉంటుంది. ఏ తిథికి ఏ పాయలో పడవ ఎంతసేపు తేలుతుందో, ఏ నెలలో ఏ పీత ఏ మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) దగ్గర దొరుకుతుందో మాత్రం మీ నాన్నగారికే తెలుసు. ఇప్పటి నుంచే ఒక నోటుబుక్కు పెట్టి ఆయన్ని అడిగి రాసుకో, తేదీలతో సహా. పీజీ ప్రాజెక్టు రోజుల్లో మిగతా పిల్లలు ఆ సమాచారం కోసం ఎవరినో బతిమాలుకోవాల్సి వస్తుంది.

అమ్మగారి ప్రశ్నకు జవాబు మీ ఊళ్లోనే ఉంది. పీతలకీ నత్తలకీ బురదలో దిగే ఆడవాళ్లు మీ ఊళ్లో లేరా? చదువుకున్న పిల్ల అదే బురదలో టేపు పట్టుకుని దిగుతుంది, అంతే తేడా. అసలు ఇబ్బంది బురద కాదు. పొద్దున్న పడవెక్కితే పాటు పోటుల లెక్కతో సాయంత్రం దాకా దిగే వీలుండదు, పడవలో బాత్‌రూమ్ ఉండదు. ఏ సిలబస్‌లోనూ ఇది రాయరు. ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఒకే జట్టులో ఉండేలా చూసుకుని, మధ్యలో గట్టు మీద ఆగే చోటు ముందే పడవ ఆయనతో మాట్లాడుకోవాలి. సిగ్గుపడి నీళ్లు తాగడం మానేసి ఎండదెబ్బ తగిలించుకున్న పిల్లల్ని చూశాను. ఇంకో మాట, కోరంగి 1978 నుంచి అభయారణ్యం. మన ఊరి అడవే కదా అని శాంపిళ్లు తీయకూడదు, కాలేజీ ఉత్తరం పెట్టి అటవీ శాఖ అనుమతి తెచ్చుకోవాలి.

ఉద్యోగాల సంగతి. ఏపీపీఎస్సీ ద్వారా వచ్చే అటవీ శాఖ పోస్టులు, పొల్యూషన్ కంట్రోల్ బోర్డు, కాలేజీల్లో పాఠాలు, పరిశోధన ప్రాజెక్టులు, పరిశ్రమలకు పర్యావరణ ప్రభావ నివేదికలు రాసే సంస్థలు. ప్రభుత్వ నోటిఫికేషన్లకు ఎదురుచూపులు తప్పవు. ప్రాజెక్టు ఉద్యోగం ప్రాజెక్టుతోనే పోతుంది. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే జూనియర్ ఫెలోషిప్, తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 ఫెలోషిప్ ఉంది, ఇంటద్దె అలవెన్సు వేరు. నీలాంటి పిల్లకు దగ్గరుండే మంచి లక్ష్యం అదేనని నా ఉద్దేశం. ఇంట్లో డబ్బు అడగకుండా పీహెచ్‌డీ దాకా వెళ్లొచ్చు. మావయ్యకు ఈ అంకె చూపించు, కొంత టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: నేను ఐఎఫ్ఎస్, అంటే అటవీ సర్వీసు రాయాలనుకుంటున్నాను. డిగ్రీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అయితే కుదరదని ఫ్రెండ్ అంటున్నాడు. అడవుల ఉద్యోగానికి పర్యావరణం చదివినవాడు పనికిరాడా? ఇదేం న్యాయం?
– వి. కె., అమలాపురం

జవాబు: న్యాయం సంగతి పక్కన పెట్టు బాబూ, నీ ఫ్రెండ్ చెప్పింది పట్టించుకోవాల్సిన మాటే. యూపీఎస్సీ నోటిఫికేషన్‌లో డిగ్రీలో ఈ సబ్జెక్టుల్లో కనీసం ఒకటి ఉండాలని రాస్తారు: పశుసంవర్థక-పశువైద్య శాస్త్రం, బోటనీ, కెమిస్ట్రీ, జియాలజీ, మ్యాథ్స్, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, జువాలజీ. లేదంటే అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీ. పర్యావరణ శాస్త్రం పేరు ఆ జాబితాలో లేదు. డిగ్రీలో దానితో పాటు బోటనీయో కెమిస్ట్రీయో చదివి ఉంటే ఇబ్బంది లేదు. నువ్వు ఇంకా చేరకపోయి ఉంటే మేజర్ బోటనీ పెట్టుకో, గొడవే ఉండదు. ఏపీపీఎస్సీ రేంజి ఆఫీసరు, సెక్షన్ ఆఫీసరు పోస్టుల నోటిఫికేషన్లలో కూడా సబ్జెక్టుల జాబితా ఒకటి ఇస్తారు. ఫీజు కట్టే ముందు పాత నోటిఫికేషన్ ఒకటి తీసి, నీ కోర్సు పేరు అందులో ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకో.

పరీక్ష మాటకొస్తే ప్రిలిమ్స్ సివిల్ సర్వీసెస్‌తో కలిపే ఉంటుంది. చివర్లో నడక పరీక్ష కూడా ఉంది. మగవాళ్లయితే నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు. ఆడవాళ్లకు దూరం తగ్గిస్తారు. కోనసీమ కాలవ గట్లు నడవడానికి ఇప్పుడేం ఖాళీ లేవా?

ప్రశ్న: మాకు చెరువులున్నాయండి, వనామీ రొయ్య వేస్తాం. మా అమ్మాయి గవర్నమెంటు యూనివర్సిటీలో ఎమ్మెస్సీ పర్యావరణం చదువుతోంది. ప్రాజెక్టని చెప్పి మా ఊరి డ్రెయిన్లో నీళ్లు సీసాల్లో పట్టుకెళ్తోందండి. తోటి చెరువులవాళ్లు, నీ కూతురే నీ మీద కేసేస్తుందేమో చూసుకో అని నవ్వుతున్నారు. మన పొట్ట కొట్టే చదువేమో అని భయంగా ఉంది. ఆపెయ్యమనమంటారా? ఏదో ఒకటి రాయండి, ఆయ్.
– పేరు వద్దన్నారు, మొగల్తూరు మండలం

జవాబు: ఆపకండి. ఆ సీసాల నీళ్లు ముందుగా మీకే పనికొస్తాయి. మీరు పట్టుబడి చేసి నీళ్లు వదిలేది ఆ డ్రెయిన్లోకి. కింద చెరువాయన మోటారు పెట్టి తోడుకునేది అదే డ్రెయిన్లోంచి. మీ పైన ఉన్నాయన వదిలింది మీరు తోడుకుంటున్నారు. రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ వైరస్ ఒక చెరువులోంచి ఇంకో చెరువులోకి నడిచే దారుల్లో ఇదొకటి. 1990ల మధ్యలో టైగర్ రొయ్యను ఆ వైరస్ ఎలా ఊడ్చిపెట్టిందో మీ వయసువాళ్లకు నేను చెప్పక్కర్లేదు. 2009లో వనామీకి అనుమతి వచ్చాక చెరువులు మారాయి, రొయ్య మారింది, నీళ్లు వదిలే చోటూ తోడే చోటూ మాత్రం మారలేదు. ఏ రోజుల్లో డ్రెయిన్ నీరు ఎలా ఉందో ఒక అమ్మాయి ఉచితంగా లెక్క తీసి ఇస్తానంటే, కన్సల్టెంటుకి వేలు పోసేవాళ్లు నవ్వడం నాకు నవ్వొస్తోంది.

కేసుల భయానికీ సీసాలకీ సంబంధం లేదు. రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు 1996 డిసెంబరులోనే వచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఉప్పునీటి సాగుకు ఆ అథారిటీ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీ కాగితాలు సరిగ్గా ఉంటే ఆ నవ్వేవాళ్ల నోరు మూయించొచ్చు. లేకపోతే ముందు అవి చూసుకోండి.

మీకు నచ్చని మాట కూడా ఒకటి రాయాలండి. ఉప్పు మీ చెరువు గట్టు దగ్గర ఆగదు. పక్క వరి చేలోకి ఊరుతుంది, ఊరి బావుల్లోకి దిగుతుంది. ఎండాకాలం కాలవలు కట్టేసేలోపు నింపుకునే మంచినీళ్ల చెరువుకి రొయ్యల చెరువు ఎంత దూరంలో ఉందన్నది ప్రతి ఊళ్లోనూ తగాదాయే. ఆక్వా ఒక్కటే దోషి కాదు. పూడిక తీయని మురుగు కాలవల మూలంగా వరి మునిగి, గిట్టుబాటు కాక, 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించిన సంగతి మీకు తెలుసు. డ్రెయిన్ బాగుపడితే వరికీ మంచిదే, రొయ్యకీ మంచిదే. బాగు చెయ్యమని అడగడానికి చేతిలో లెక్కలుండాలి. అవే మీ అమ్మాయి రాస్తోంది.

ఒక చిన్న ఏర్పాటు చేసుకోండి. ప్రాజెక్టు రిపోర్టులో చెరువుల యజమానుల పేర్లు రాయొద్దని, ఒకటి రెండు అని నంబర్లు వేయమని చెప్పండి. పరిశోధనలో అది మామూలు పద్ధతే, మీ మొహమాటం కోసం కొత్తగా పెట్టేది కాదు. మీ చెరువు తూము దగ్గర కూడా ఒక సీసా పట్టమనండి, పట్టుబడికి ముందు ఒకసారి, నీళ్లు వదిలేటప్పుడు ఒకసారి. ఉప్పు కొలిచే మీ సెలినిటీ మీటర్ ఆమెకు ఇవ్వండి. ఆమె డిపార్ట్‌మెంట్లో ఉన్నదానికంటే మీదే కొత్తదై ఉంటుంది.

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీఎస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరం. పీజీ పర్యావరణం చదవాలనుంది కానీ ఇంగ్లీషంటే భయం. క్లాసులో నోరు విప్పలేను.
– జి. ఆర్., సఖినేటిపల్లి

జవాబు: శాస్త్రనామాలకు భయపడుతున్నావా? అవి లాటిన్, ఇంగ్లీషు మీడియం పిల్లాడికీ కొత్తే. అక్కడ మీరిద్దరూ ఒకటే. తెల్లమడ పక్కన అవిసీనియా మరీనా అని, తిల్ల పక్కన ఎక్సీకేరియా అగల్లోకా అని రాసుకుంటూ పో. చెట్టును ముందే ఎరిగినవాడికి పేరు తొందరగా పట్టుబడుతుంది. ఫీల్డు నోట్సు తెలుగులోనే రాయి, ఎవరూ కాదనరు. ఇంగ్లీషులో రోజుకో పేజీ చదివి, ఆ పేజీలో ఏముందో మూడు వాక్యాలు ఇంగ్లీషులోనే రాయడం అలవాటు చేసుకో. నోటి ఇంగ్లీషు తర్వాత వస్తుంది, పరీక్షలు రాసేది చేత్తో.

పీజీసెట్ అయ్యాక సెలవుల్లో క్యూజీఐఎస్ నేర్చుకో. ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ అది, మామూలు ల్యాప్‌టాప్ మీద పనిచేస్తుంది. కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పెట్టుకోనిస్తే అదీ చాలు. అంతర్వేది మీ పక్కనే కదా. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు తెరిచి, వశిష్ఠ సముద్రంలో కలిసే చోట ఒడ్డు గీత ఒక్కో సంవత్సరానికి ఒక్కో రంగులో గియ్యి. గీసేటప్పుడు ఆ చిత్రం పోటు మీద తీసిందో పాటు మీద తీసిందో అనే అనుమానం రావాలి, రాకపోతే గీత తప్పుతుంది. ప్రాజెక్టుకి గైడుగా ఉండమని ఒక మాస్టారిని అడగడానికి వెళ్లిన రోజు ఆ మ్యాపు ముందు పెట్టు. మీ మాటలు ఆ మ్యాపు మీదే నడుస్తాయి, నీ గ్రామర్ దగ్గర ఆగవు.